కోటా బియ్యం వస్తున్నాయి సరే, ఇంట్లో పెద్దవాళ్లు తింటున్నారా? విశాఖలో ఉండేవాళ్లు ఏం చేయాలో వరసగా

మా పెద్దమ్మ జ్ఞానాపురంలో ఒక్కతే ఉంటుంది, డెబ్బై నాలుగేళ్లు. నెలనెలా కోటా బియ్యం వస్తాయి, పింఛను వస్తుంది, కొడుకు చెన్నై నుంచి అప్పుడప్పుడూ డబ్బులు వేస్తాడు. కాబట్టి తిండికి లోటు లేదనే మేమందరం అనుకున్నాం. పోయిన ఏడాది ఓ రోజు తెల్లవారుజామున ఆవిడ చెమటలు పట్టి, మాట తడబడి, మంచం పక్కన కూలబడిపోతే పక్కింటి పిల్లాడు చూసి నోట్లో పంచదార నీళ్లు పోశాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి మాట, రాత్రి ఏం తిన్నారు అని. రాత్రి ఆవిడ ఏమీ తినలేదు. సుగర్ మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకుంది.

తర్వాత ఇంటికెళ్లి చూస్తే బియ్యం డబ్బా నిండుగానే ఉంది, పప్పు డబ్బాలో మాత్రం గుప్పెడు కందిపప్పు కూడా లేదు. "ఒక్కదాన్నీ ఏటి వండుకుంటానమ్మా, ఆవకాయ ఉంది చాల్లే" అంది. అప్పట్నుంచి ఆవిడ కోసం, ఆ వీధిలో ఇంకో నలుగురు పెద్దవాళ్ల కోసం వార్డు సచివాలయం, రేషన్ డిపో, ఆస్పత్రి తిరిగి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అరవై దాటినవాళ్లు ఉంటే ఈ వారంలోనే మొదలుపెట్టండి.

ముందు వంటింట్లోకి వెళ్లండి

ఫోన్లో "తిన్నావా అమ్మా" అంటే "ఆ, తిన్నాను" అనే వస్తుంది, ఏ అమ్మయినా అంతే. ఆ ప్రశ్న మానేసి "నిన్న రాత్రి దేంతో తిన్నావు" అని అడగండి, మొన్న రాత్రి గురించీ అడగండి. మూడు పూటలకు చారో పచ్చడో తప్ప వేరే మాట రాకపోతే మీకు అర్థమైపోతుంది. వీలైతే చెప్పకుండా వెళ్లి డబ్బాలు తెరిచి చూడండి. పప్పు ఉందా, నూనె ఉందా, సిలిండర్లో గ్యాస్ ఉందా, పాలు తెచ్చేవాళ్లు ఎవరు, కూరగాయల సంచీలో ఏముంది. నెల మొదట్లో వెళ్తే అంతా బాగానే కనబడుతుంది, ఇరవయ్యో తారీఖు దాటాక వెళ్లండి, అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది.

తర్వాత మనిషిని చూడండి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, జాకెట్టు వదులైందా, కుర్చీలోంచి లేవడానికి చేత్తో ఊతం కావాల్సి వస్తోందా, కట్టుడు పళ్లు తీసి గూట్లో పెట్టేశారా? దర్జీ టేపు ఒకటి తీసుకుని పిక్క లావుగా ఉన్నచోట చుట్టూ కొలవండి, కాళ్లు నేలకు ఆనించి కూర్చున్నప్పుడు. 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ తగ్గిపోతోందని అనుమానించాలి, పెద్దవాళ్ల పోషణ పరీక్షలో డాక్టర్లు కూడా ఈ కొలత వాడతారు. కాళ్లు వాచి ఉంటే మాత్రం ఈ కొలతను నమ్మొద్దు. బరువు కూడా రాసిపెట్టుకోండి. ప్రయత్నం లేకుండా ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గితే, అంటే యాభై కిలోల మనిషి నలభై ఐదుకి వస్తే, అది వయసు వల్ల అని సరిపెట్టుకోకూడదు, డాక్టరుకి చూపించాలి.

కోటా బియ్యం ఎంతవరకు సరిపోతాయో లెక్క వేసుకోండి

2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మామూలు బియ్యం కార్డులో మనిషికి నెలకు ఐదు కిలోలు. 2023 జనవరి నుంచి ఆ బియ్యానికి డబ్బులు కట్టక్కర్లేదు. ఐదు కిలోలంటే రోజుకు సుమారు 165 గ్రాములు, దాంతో వచ్చేది 580 కేలరీల దాకా, మాంసకృత్తులు పన్నెండు గ్రాముల చుట్టుపక్కల. నలభై ఐదు కిలోల ముసలావిడకి రోజుకి కనీసం 37 గ్రాముల మాంసకృత్తులు కావాలి. జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లందరికీ కిలో బరువుకి 0.83 గ్రాములు చెబుతుంది, వయసు మీదపడినవాళ్లకి కండ నిలబడాలంటే ఇంకాస్త ఎక్కువ, కిలోకి ఒక గ్రాము పైన ఉండాలంటారు వృద్ధుల వైద్యులు. మిగతా ఇరవై ఐదు గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయన్నదే మనం చూడాల్సింది, బియ్యం బస్తా వైపు చూసి నిశ్చింతగా ఉండిపోకూడదు.

ఇంకో సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. చాలామంది పెద్దవాళ్లు కోటా బియ్యంలో సగం ఇడ్లీ బండి వాళ్లకో, వీధిలోకి వచ్చి కొనేవాళ్లకో అమ్మేస్తారు. అది నేరమే, కానీ ఎందుకు అమ్ముతున్నారో అడగండి, కసురుకోకండి. మా వీధిలో ఒకాయన ఆ డబ్బుతో బీపీ మాత్రలు కొనుక్కునేవాడు, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో అవి ఉచితంగా ఇస్తారని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కార్డు సంగతి చూడండి

కార్డు తీసి పేర్లు చదవండి. పెద్దావిడ పేరు ఏ కార్డులో ఉందో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు, ఊళ్లో ఉన్న పెద్దకొడుకు కార్డులో పేరుంటుంది, మనిషి ఇక్కడ కంచరపాలెంలో చిన్నకూతురి దగ్గర ఉంటుంది, ఆవిడ బియ్యం అక్కడెక్కడో పడుతుంటాయి. ఇలాంటప్పుడు రెండు దారులు. పోర్టబిలిటీ ఉంది కాబట్టి శ్రీకాకుళం కార్డుతో కూడా విశాఖలో ఏ డిపోలోనైనా బియ్యం తీసుకోవచ్చు, కాకపోతే ఒక కార్డు మీద నెలకి ఒక్కచోటే మొత్తం సరుకు తీస్తుంటారు కాబట్టి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. రెండో దారి, పేరు అక్కడ తీయించి ఇక్కడ చేర్పించడం. దీనికి వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. మన మిత్ర అనే ప్రభుత్వ వాట్సాప్ నంబరు 95523 00009 లో కూడా కార్డు సేవలు ఉన్నాయి, స్మార్ట్‌ఫోన్ అలవాటున్న మనవలు ఎవరైనా ఉంటే వాళ్ల చేత పెట్టించండి.

కార్డే లేకపోతే అర్హత ముందు చూసుకోండి. నగరంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 లోపు, పల్లెల్లో 10,000 లోపు ఉండాలి, సర్కారు ఉద్యోగం, ఆదాయపు పన్ను, సొంత కారు ఉండకూడదు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదు, నగరంలో వెయ్యి చదరపు అడుగుల కంటే పెద్ద ఇల్లు ఉండకూడదు. ఇక్కడ చిక్కేమిటంటే, పెద్దావిడ కొడుకు కార్డులో ఉంటే కొడుకు కారు ఆవిడకి అడ్డమవుతుంది. నిజంగా విడిగా, ఒంటరిగా బతుకుతున్నవాళ్లయితే ఒక్కరి పేరుతో కార్డు గురించి సచివాలయంలో గట్టిగా అడగండి.

అంత్యోదయ కార్డు మాట కూడా మర్చిపోకండి. ఆ కార్డుకి ఇంట్లో ఎంతమంది ఉన్నా నెలకు 35 కిలోలు. ఆధారం లేని వితంతువులు, చూసే దిక్కు లేని అరవై దాటినవాళ్లు ఆ వరసలోకి వస్తారు. కొత్తగా దొరకడం కష్టమే, అయినా కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగి వచ్చేస్తే అడిగినట్టు ఎక్కడా ఉండదు.

డిపో దగ్గర

2025 జూన్ నుంచి రాష్ట్రంలో రేషన్ వ్యాన్లు ఆపేసి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. అరవై ఐదు దాటినవాళ్లకి, దివ్యాంగులకి డీలరే ఇంటికి తెచ్చివ్వాలని అప్పుడే చెప్పారు, అదీ ముందు నెల చివరి రోజుల్లోనే. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా డీలరు దగ్గర నోరు తెరవరు. మీరు వెళ్లి పెద్దావిడ పేరు, కార్డు నంబరు, ఇంటి గుర్తు ఒక చీటీ మీద రాసి ఇచ్చి రండి, ఎప్పుడు తెస్తారో అడిగి ఫోన్ నంబరు తీసుకోండి. కార్డులో వయసులో ఉన్నవాళ్ల పేరు కూడా ఉంటే "వాళ్లని పంపండి" అంటారు, ఆ పిల్లలు ఎక్కడో దూరంగా ఉంటున్నారని సచివాలయంలో చెప్పి రాయించుకోండి.

వేలిముద్ర పడకపోవడం పెద్ద బాధ. ఇళ్లలో అంట్లు తోమి, బట్టలు ఉతికి, హార్బర్లో చేపలు శుభ్రం చేసి అరిగిపోయిన వేళ్లవి, ఆ గీతలు ఎక్కడినుంచి వస్తాయి? మా పెద్దమ్మని ఒక డిపోలో మూడుసార్లు తిప్పి పంపారు, మూడోసారి ఎండలో నిలబడలేక ఇంటికొచ్చి పడుకుంది. మీరు ఇలా చేయండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడిచి, మరీ పొడిబారి ఉంటే కొంచెం తడి తగిలించి పెట్టించండి, పది వేళ్లలో ఏది పడుతుందో చూసి ఆ వేలు గుర్తుపెట్టుకోండి. అప్పటికీ కాకపోతే కంటిపాప ఐరిస్ యంత్రం పెట్టమనండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా తీయిస్తే చాలామందికి పనవుతుంది. ఆధార్ సరిపోలలేదన్న కారణంతో అర్హులకి సరుకు ఆపొద్దని 2017లోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది కాబట్టి, వేలిముద్ర పడలేదని ఉత్తచేతులతో తిరిగి రావాల్సిన పని లేదు, మర్యాదగానే కానీ గట్టిగా అడగండి. కార్డులో ఉన్న మనిషిని ఆధార్‌తో సరిచూసే ఈకేవైసీ పెండింగ్ ఉందేమో కూడా అదే రోజు కనుక్కోండి, అది ఆగిపోయి పేరు కొట్టేస్తే మళ్లీ ఎక్కించడానికి నెలలు పడుతుంది.

సంచిలో తెల్లగా, కాస్త తేడాగా ఉండి నీళ్లలో తేలే గింజలు కనిపిస్తే పారేయకండి. ప్లాస్టిక్ బియ్యమని మన దగ్గర పెద్ద పుకారు, మా పెద్దమ్మ కూడా చేటలో పోసి ఒక్కోటీ ఏరి పారేసేది. అవి బలవర్థక గింజలు, బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా చేసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. వయసులో ఉన్నవాళ్ల కంటే పెద్దవాళ్లకే ఆ బి12 ఎక్కువ అవసరం. బియ్యం ఒకటికి రెండుసార్లు కడిగితే చాలు, గంజి వార్చి పారబోస్తే మంచిదంతా అందులోనే పోతుంది.

పింఛను డబ్బు, గ్యాసు

వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లే ఇంటికొచ్చి చేతికిస్తారు, ఒకటి సెలవైతే ముందు రోజే. అరవై నిండినా రాకపోతే కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారో సచివాలయంలో కనుక్కుని, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ఈలోపే సరిచూసుకోండి. మన పెద్దవాళ్లలో సగం మంది ఆధార్‌లో జనవరి ఒకటినే పుట్టినట్టుంటుంది, అదీ అసలు వయసు కంటే నాలుగైదేళ్లు తక్కువతో.

ఆ నాలుగు వేలు ఎటు పోతున్నాయో నెమ్మదిగా అడగండి. అద్దె, మనవడి ఫీజు, చీటీ, అప్పు. నేను పెద్దమ్మతో కూర్చుని ఒక పని చేయించాను, పింఛను వచ్చిన రోజే అందులోంచి ఎనిమిది వందలు తీసి కిరాణా కొట్లో కట్టేయడం. ఒకటిన్నర కిలో కందిపప్పు, కిలో పెసలు, అర కిలో వేరుశనగ గుళ్లు, కిలో చోడిపిండి (రాగిపిండి), మిగిలినదానికి నెలంతా గుడ్లు విడిగా తెచ్చుకోవడం. డబ్బు చేతిలో ఉంటే అందరికీ పంచేసే మనుషులు వీళ్లు, సరుకైతే ఇంట్లో ఉంటుంది.

గ్యాసు అయిపోయి పది రోజులు టీ, బన్నుతో గడిపేవాళ్లున్నారు. దీపం-2 కింద తెల్ల కార్డు ఉన్న ఇళ్లకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, 2024 నవంబరు నుంచి, నాలుగు నెలలకి ఒకటి చొప్పున. ముందు డబ్బు కట్టి తెచ్చుకుంటే తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే డబ్బే వాళ్ల దగ్గర ఉండదు, మీరు కట్టి, ఖాతాలో పడ్డాక తీసుకోండి.

వండుకోలేని రోజులకి

మోకాళ్ల నొప్పితో పొయ్యి దగ్గర నిలబడలేనివాళ్లకి అన్న క్యాంటీన్ మంచి ఆసరా. 2024 ఆగస్టు 15న మళ్లీ తెరిచారు. టిఫిన్ 7.30 నుంచి 10, మధ్యాహ్నం భోజనం 12.30 నుంచి 3, రాత్రి 7.30 నుంచి 9, ఏ పూటైనా ఐదు రూపాయలు. ఆదివారం ఉండదు. మధ్యాహ్నం అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు ఉంటాయి, ఇంట్లో ఒంటరిగా ఆవకాయతో తినేదానికి దానికి పోలికే లేదు. నలుగురి మధ్య కూర్చుని తింటే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి కూడా, ఇది నేను కళ్లారా చూశాను.

కొంతమందికి అక్కడికి వెళ్లడం నామోషీ. పెద్దమ్మ మొదట "నేనేటి అడుక్కునేదాన్నా" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మొదటి వారం నేనే పక్కన కూర్చుని, డబ్బిచ్చి టోకెన్ కొని తిన్నాను. తర్వాత వాళ్ల వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లని తోడు చేశాక సమస్య పోయింది, ముగ్గురూ కలిసి వెళ్తారు, దారిలో పూర్ణా మార్కెట్ ధరల గురించి మాట్లాడుకుంటారు. దగ్గర్లో ఏ క్యాంటీన్ ఉందో సచివాలయంలో చెబుతారు. నడిచే దూరం కాకపోతే, ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళ్లకండి, రద్దీ తగ్గాక వెళ్తే నిలబడే పని ఉండదు, సుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం అంత ఆలస్యం చేయకూడదు.

సింహాచలం అన్నదానం, వీధి గుళ్లలో ప్రసాదాలు, చర్చి వాళ్ల భోజనాలు ఉన్నాయి కదా అంటారు. మంచివే, కానీ రోజూ కొండెక్కి రాలేరు కదా. వాటిని పండగ రోజుల లెక్కలో వేసుకుని, మామూలు రోజులకి వేరే ఏర్పాటు చూడండి. ఆదివారానికి, క్యాంటీన్ దాకా వెళ్లలేని జ్వరం రోజులకి వీధిలో ఎవరో ఒకరు గిన్నెడు పప్పు ఇచ్చేలా ముందే మాట్లాడి పెట్టుకోండి. మేము నాలుగిళ్లు వంతులు వేసుకున్నాం.

కంచంలో ఏం ఉండాలి

మన ఉత్తరాంధ్ర తిండిలోనే అన్నీ ఉన్నాయి, ఖరీదైన పొడి డబ్బాలు కొనక్కర్లేదు. పొద్దున్నే చోడి అంబలిలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తాగితే సున్నం, అంటే కాల్షియం, దండిగా అందుతుంది, వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. సుగర్ ఉన్నవాళ్లు మాత్రం మరీ పల్చగా గ్లాసులకు గ్లాసులు తాగకుండా, చిక్కగా తక్కువ తీసుకుని పక్కన ఉడికిన గుడ్డో, నానబెట్టి ఉడికించిన పెసలో పెట్టుకోవాలి.

గుడ్డుకి ఆరు గ్రాముల మాంసకృత్తులు, గ్లాసు పాలకి ఆరు, యాభై గ్రాముల పప్పుకి పదకొండు. కోటా అన్నంతో కలిపి చూస్తే ఇక్కడికే ఆ ముసలావిడ లెక్క దాదాపు నిండుతుంది. నీచు తినేవాళ్లకి ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఏం తక్కువ, వంజరం ధర చూసి భయపడి వెనక్కి రాకండి, కవళ్లు, నెత్తళ్లు చవకగా దొరుకుతాయి, నెత్తళ్లు ముల్లుతో సహా తినేస్తారు కాబట్టి సున్నం కూడా వస్తుంది. ఎండు నెత్తళ్లు మాత్రం బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు ఎక్కువ, నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి, అది కూడా ఎప్పుడో ఒకసారి. ఆవకాయ, అప్పడాలకీ ఇదే మాట, రోజంతా కలిపి ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు.

కూరగాయలకి రైతు బజారుకి, ఎంవీపీ కాలనీదో సీతమ్మధారదో కంచరపాలెందో మీకు ఏది దగ్గరైతే అది, మూసే వేళకి వెళ్లండి, తోటకూర కట్టలు తక్కువకే ఇచ్చేస్తారు. మునగాకు ఎవరింటి చెట్టు నుంచైనా అడిగి తెచ్చుకోవచ్చు. పళ్లు లేనివాళ్లకి పప్పు మెత్తగా ఉడికించి, ఆకుకూర సన్నగా తరిగి అందులోనే వేసి, అన్నం కాస్త జావగా. భోజనం అవగానే టీ అలవాటుంటే ఒక గంట ఆగమనండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే దానికి సాయం చేస్తుంది.

నీళ్లు. వయసుతో దాహం తెలియడం తగ్గిపోతుంది, మన ఉక్కపోతకి చెమట మాత్రం తగ్గదు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేసే ఆడవాళ్లు చాలామంది. పొద్దున ఒక రెండు లీటర్ల సీసా నింపి ఎదురుగా పెట్టి, సాయంత్రం ఆరులోపు ఎంత తగ్గిందో చూడండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి నీళ్లయినా పప్పయినా డాక్టరు చెప్పిన కొలతే, నా లెక్కలు వాళ్లకి వర్తించవు.

మాత్రలకీ తిండికీ ముడి వేయండి

అన్నిటికంటే దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమని అడుగుతాను, ఎందుకంటే మా ఇంట్లో ప్రాణం మీదకి వచ్చింది ఇక్కడే. గ్లిమెపిరైడ్ లాంటి సుగర్ మాత్రలు, ఇన్సులిన్, తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరని దించుతూనే ఉంటాయి. నెలాఖరుకి తిండి తగ్గుతుంది, మాత్ర తగ్గదు. శనివారం ఉపవాసం, కార్తీక సోమవారం, చర్చి ఉపవాసం, రంజాన్ నెల, ఏదైనా సరే ముందు డాక్టరుని అడిగి మోతాదు మార్చుకోవాలి. ఒకటే నియమం పెట్టండి, కంచం ముందుకి రానిదే మాత్ర చేతిలోకి తీసుకోకూడదు. ఆ పూట తినలేకపోతే ఏం చేయాలో ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించి మందుల డబ్బాకి అంటించండి.

చెమటలు, వణుకు, ఉన్నట్టుండి చిరాకు, పొంతన లేని మాటలు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇచ్చి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మా పెద్దమ్మకి ఆ పిల్లాడు పోసేటప్పటికి ఇంకా మింగే తెలివి ఉంది, అది మా అదృష్టం.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12 తగ్గుతుంది, అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు ఉంటే వయసు మీద నెట్టేయకుండా ఆ రక్తపరీక్ష అడగండి. కేజీహెచ్‌కో, హనుమంతవాక దగ్గర విమ్స్‌కో చూపించడానికి వెళ్లినప్పుడు వారం రోజులు ఏమేం తిన్నారో రాసిన కాగితం తీసుకెళ్లండి, రెండు నిమిషాల్లో చూసి పంపించే రద్దీలో కూడా ఆ కాగితం ఉంటే డాక్టరు ఒక్క క్షణం ఆగుతారు.

కార్డు, పింఛను ఇంట్లోవాళ్లే లాక్కుంటుంటే

రాయడానికి కష్టంగా ఉంది కానీ ఉంది. ఆవిడ పేరు మీద బియ్యం తెచ్చి ఆవిడకే పూటకి పిడికెడు పెట్టే ఇళ్లు మనందరికీ తెలుసు. ముందు ఇంటి పెద్దల చేత, కులపెద్దల చేత చెప్పించండి, చాలాచోట్ల దాంతోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది, అందులో పోషణ అంటే తిండి, బట్ట, ఉండే చోటు, వైద్యం అని స్పష్టంగా రాసి ఉంది. విశాఖలో ఉన్నవాళ్లు విశాఖపట్నం ఆర్డీఓకి, భీమిలి డివిజన్ వాళ్లు అక్కడి ఆర్డీఓకి తెల్ల కాగితం మీద రాసి ఇవ్వొచ్చు, లాయరు అక్కర్లేదు. పెద్దావిడ నడవలేకపోతే ఆవిడ తరఫున ఇంకొకరు పెట్టొచ్చు. పిల్లల మీద పెట్టడానికి ఏ తల్లీ ఒప్పుకోదు, నేను చూసిన ఇద్దరూ ఒప్పుకోలేదు. అలాంటప్పుడు 14567 ఎల్డర్‌లైన్‌కి చేసి మాట్లాడించండి, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు తీస్తారు, డబ్బులు పడవు, ఇంట్లోవాళ్లతో వాళ్లు మాట్లాడే పద్ధతి వేరుగా ఉంటుంది.

డిపో మీద, బరువు తూకం మీద ఫిర్యాదుకి 1967. అక్కడ తెమలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అర్జీ పట్టుకెళ్లండి, కార్డు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, తిప్పి పంపిన తేదీలు రాసుకుని వెళ్లండి. మా పెద్దమ్మ వేలిముద్ర గొడవ తేదీలు రాసి ఇచ్చాకే కదిలింది.

ఇంక రాసి గోడకి అంటించేయండి

పాత క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో కోటా తేదీలు, డీలరు నంబరు, క్యాంటీన్ వేళలు, ఆదివారం ఎవరింటి నుంచి కూర వస్తుందో, 108, 14567, 1967 రాసి వంటింట్లో అంటించండి. చదువు రానివాళ్లయితే పక్కింటి పిల్లలకి చూపించి పెట్టండి. దాని కిందే నెలకొకసారి బరువు, పిక్క కొలత రాయడానికి జాగా వదలండి. పెద్దమ్మ గోడ మీద మొదటి నెల 41 కిలోలు, పిక్క 29 అని ఉంది. నాలుగు నెలలకి 43న్నర, 30. ఇంకో సెంటీమీటరు రావాలి, ఈ ఆదివారం నెత్తళ్ల పులుసు వంతు మాది.